ఒడ్డున ఉన్నప్పుడే మరమ్మతు

 



కొనకనమిట్ల లాంటి మెట్ట ప్రాంతంలో కూర్చుని పడవల గురించి మాట్లాడితే కొందరికి నవ్వు రావచ్చు. మనకు తెలిసిన నీళ్ళు బోరు నీళ్ళు, ట్యాంకరు నీళ్ళు, వాన పడిన ఏడాది చెరువులో చేరే నాలుగు నీళ్ళు. సముద్రం చూడాలంటే ఒంగోలు దాటి కొత్తపట్నం దాకా పోవాలి. మరి చిల్లు పడిన పడవను బాగుచేసుకునే సంగతి మనకెందుకు?

మదీనా కూడా సముద్రపు ఒడ్డున లేదు. అక్కడి వారు ఒంటెలు, ఖర్జూరపు తోటలు తెలిసిన వారు. అయినా దివ్యఖుర్ఆన్ వారికి పడవను పదే పదే గుర్తుచేసింది. దైవప్రవక్త (స) వారికి సమాజం అంటే ఏమిటో చెప్పదలచినప్పుడు పడవనే ఉదాహరణగా ఎంచుకున్నారు. ఇస్లాంలో మొట్టమొదటి హిజ్రత్ (వలస) జరిగింది కూడా పడవ మీదే. క్రీ.శ. 615లో మక్కా బాధితులు ఎర్ర సముద్రం దాటి హబషా (అబిసీనియా) చేరారు. క్రీ.శ. 628లో, ఖైబర్ విజయం నాటికి అక్కడి నుండి మదీనాకు తిరిగి వచ్చిన వారికి 'అస్‌హాబుస్సఫీనా', అంటే 'పడవ వారు' అన్న గౌరవనామం దక్కింది. కాబట్టి మెట్ట ప్రాంతం వారమైన మనం కూడా పడవ నుండి పాఠం నేర్చుకోవచ్చు. పైగా హజ్రత్ నూహ్ (అలై) తన ఓడను పొడి నేల మీదే కట్టారు. దారిన పోయే జాతి పెద్దలు ఆయనను చూసి ఎగతాళి చేశారని హూద్ సూరా తెలుపుతోంది. నీళ్ళు రాకముందే పని ముగించాలన్న సంగతి ఎగతాళి చేసిన వారికి తెలియలేదు.

మరమ్మతు, ఇస్లాహ్

మనం రోజూ వాడే 'మరమ్మతు' అన్న మాట అరబీ నుండి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చింది. అదే అర్థంలో అరబీలో మరో మాట ఉంది - 'ఇస్లాహ్'. చెడిన వస్తువును బాగుచేయటం ఇస్లాహ్. తగవు పడిన ఇద్దరిని కలపటం ఇస్లాహ్. దారి తప్పిన మనిషి తనను తాను సరిదిద్దుకోవటం కూడా ఇస్లాహే. పడవకైనా, మనసుకైనా, ఊరికైనా ఒకటే మాట.

దివ్యఖుర్ఆన్ తౌబా (పశ్చాత్తాపం) గురించి చెప్పిన చాలా చోట్ల దాని పక్కనే ఇస్లాహ్‌ను కూడా పెట్టింది. బఖరా సూరా 160వ ఆయతులో ఈ రెండింటితో పాటు మూడవ మాట కూడా ఉంది. సత్యాన్ని దాచిపెట్టిన వారిలో ఎవరు పశ్చాత్తాపం చెంది, తమను సరిదిద్దుకొని, దాచిన దానిని విప్పి చెబుతారో వారిని అల్లాహ్ మన్నిస్తాడని ఆ ఆయతు భావం. అంటే తప్పును మానటం, చెడిన దానిని బాగుచేయటం, దాచిన దానిని బయటపెట్టటం. ఈ మూడూ కలిస్తేనే అక్కడ పని పూర్తవుతుంది.

నోటితో 'అస్తగ్‌ఫిరుల్లాహ్' అని, చేత్తో ఏమీ సరిచేయని వాడు చిల్లు పూడ్చకుండా పడవకు రంగు వేసిన వాడితో సమానం. ఈ పోలిక ఎంత నిజమో అర్థం కావాలంటే ముందు పడవ పని ఎలా జరుగుతుందో తెలుసుకోవాలి.

ఒడ్డున జరిగే పని

మన తూర్పు తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు మర పడవలతో, మోటారు పడవలతో చేపల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పిల్లలు చేసే కాలంలో వాటిని బతకనివ్వాలన్నది దాని ఉద్దేశం. ఇదివరకు 47 రోజులుండేది, 2015లో 61 రోజులకు పెంచారు. కొత్తపట్నం, పాకల లాంటి తీర గ్రామాల్లో ఆ రోజుల్లో పడవలు ఇసుక మీదే ఉంటాయి. తెలివైన జాలరి ఆ రెండు నెలలు ఊరికే కూర్చోడు. వలలు అల్లుకుంటాడు, పడవ బాగుచేసుకుంటాడు.

మోటార్లు వచ్చాక తెరచాప వాడకం బాగా తగ్గింది. కానీ పులికాట్ సరస్సులో చిన్న తెరచాప పడవలు చాలాకాలం జాలర్ల జీవనాధారంగా ఉన్నాయి. గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి, తాళ్ళరేవు పెద్ద తెరచాప ఓడలు కట్టే ఊళ్ళుగా పేరు పొందాయి. 1839 నవంబరులో వచ్చిన తుఫాను, ఉప్పెన కోరంగిని నాశనం చేశాయి. అంతకంటే పాత పద్ధతి కుట్టు పడవలది. పలకలను మేకులతో కాక కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. కెరటం కొట్టినా విరగకుండా అవి కొంచెం వంగేవి. కానీ తాడు నానుతుంది, అరుగుతుంది. అందుకని ఎప్పటికప్పుడు విప్పి మళ్ళీ కుట్టుకోవలసిందే. ఖమర్ సూరా 13వ ఆయతులో నూహ్ (అలై) ఓడను పలకలూ 'దుసుర్' కలిగినదిగా అల్లాహ్ వర్ణించాడు. 'దుసుర్' అంటే మేకులని ఎక్కువ మంది వ్యాఖ్యాతలు అన్నారు. పలకలను కట్టే పీచు తాళ్ళని అన్నవారు కూడా ఉన్నారు. ఏదైనా సరే, ప్రళయం నుండి కాపాడబోయే ఓడను కూడా అల్లాహ్ ఆకాశం నుండి దించలేదు. ప్రవక్త చేత పలకా పలకా చేర్పించాడు.

ఇక చిన్న కొయ్య పడవకు నీరు కారుతుంటే ఏం చేస్తారో చూద్దాం. ముందు పడవను ఒడ్డుకు లాగి, అడుగున పట్టిన గుల్లలు, నాచు గీకి, మంచినీళ్ళతో కడిగి ఆరనిస్తారు. తరువాత చిల్లు వెతుకుతారు. ఇదే అన్నిటికంటే కష్టమైన పని. పడవ లోపల నీరు కనిపించిన చోటే చిల్లు ఉంటుందనుకోవటం పొరపాటు. ఎక్కడో ముందు భాగంలో దూరిన నీరు పలకల వెంట జారి వెనుక భాగంలో చేరుతుంది. కాబట్టి ఒడ్డున ఉన్న పడవలో నీళ్ళు పోసి, బయట ఎక్కడ చెమ్మ దిగుతుందో చూసి గుర్తు పెడతారు. సుత్తితో మెల్లగా తట్టి చప్పుడు వింటారు. గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చిన చెక్క బొద్దుగా పలుకుతుంది. పైకి నున్నగా కనిపించే పలకను కూడా సముద్రపు పురుగు లోలోపల తొలిచేసి ఉండవచ్చు.

చోటు తెలిశాక సందులోని పాత నూలంతా పీకేస్తారు. తుప్పు పట్టిన మేకులు తీసి కొత్తవి వేస్తారు. పుచ్చిన ముక్కను మంచి చెక్క తగిలేదాకా కోసి, కొత్త ముక్క అతుకుతారు. సందులో నూలు పేటలు కూరి, పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద పట్టిస్తారు. కూరటంలో కూడా ఒక కొలత ఉంది. వదులుగా కూరితే నీరు కారుతుంది. మరీ బిగించి కూరితే చెక్క నానినప్పుడు ఉబ్బటానికి చోటు లేక పలకలే విడిపోతాయి. ఎండలో ఎండిన పడవ మొదటిసారి నీటిలో దిగినప్పుడు కొంచెం కారుతుంది కూడా. చెక్క నానేకొద్దీ సందులు వాటంతట అవే మూసుకుంటాయి. అనుభవం ఉన్నవాడు దానికి కంగారు పడడు. అయితే నీరు తోడుతూ, అది తగ్గుతోందా పెరుగుతోందా అని చూస్తూనే ఉంటాడు.

ఫైబరు పడవకు పగులు వస్తే చుట్టూ ఉన్న భాగాన్ని పగులుకు అవతలి దాకా అరగదీస్తారు. పూర్తిగా ఆరాక గాజుపీచు గుడ్డను రెజిన్‌తో తడిపి పొరలు పొరలుగా వేస్తారు. అక్కడ తడి ఉన్నా, నూనె జిడ్డు ఉన్నా ఆ అతుకు పట్టదు. చూడటానికి అంటుకున్నట్టే ఉంటుంది, కెరటం కొట్టగానే పొరలాగా లేచిపోతుంది.

తెరచాపను మంచినీళ్ళలో కడిగి ఉప్పు పోగొడతారు. తడిగా మడిచిన నూలు గుడ్డకు బూజు పడుతుంది. నైలాన్ లాంటి గుడ్డైతే ఎండకు జీవం కోల్పోతుంది. అందుకని కుట్లు ఒక్కొక్కటే లాగి చూసి, వదులైన చోట మళ్ళీ కుడతారు. బెత్తెడు చిరుగును ఒడ్డున కుట్టటానికి కాసేపు చాలు. నడి సముద్రంలో గాలి పట్టిందంటే అదే బెత్తెడు చిరుగు ఈ చివరి నుండి ఆ చివరి దాకా పోతుంది.

నీరు కనిపించిన చోటే చిల్లు ఉండదు

సోదరులారా! తనను తాను లెక్క చూసుకోవటాన్ని 'ముహాసబా' అంటారు. రేపు మిమ్మల్ని లెక్క అడగకముందే ఈ రోజు మీ లెక్క మీరే చూసుకోండని హజ్రత్ ఉమర్ (రజి) హెచ్చరించేవారు. కానీ మనలో చాలామంది నీరు కనిపించిన చోటే తుడుస్తాం, నీరు దూరిన చోటు వెతకం.

ఒకతను ఇంట్లో భార్య మీద, పిల్లల మీద ఊరికే విరుచుకు పడుతుంటాడు. కోపం తగ్గించుకోమని అందరూ సలహా ఇస్తారు. నిజానికి చిల్లు ఇంట్లో లేదు. రెండు బోర్లు వేసి, నీళ్ళు పడక, ఎవరికీ చెప్పకుండా వడ్డీకి తెచ్చిన అప్పులో ఉంది. మరొకతనికి ఫజ్ర్ నమాజుకు మెలకువ రాదు. చిల్లు తెల్లవారుజామున లేదు, అర్ధరాత్రి దాకా చేతిలో ఉన్న ఫోనులో ఉంది. ఇంకొకరికి దుఆలో మనసు నిలవదు. చిల్లు దుఆలో లేదు, సంపాదనలో ఉంది. కనుక పడవలో నీళ్ళు పోసి చూసినట్టు మన రోజును మొదటి నుండి చివరి దాకా పరీక్షించుకోవాలి. పైకి నున్నగా ఉన్న చోట కూడా తట్టి చూడాలి.

దీనితో పాటు మరో మాట కూడా గుర్తుంచుకోవాలి. కొత్తగా నీటిలో దిగిన పడవ కొంచెం కారినట్టే, కొత్తగా నమాజు మొదలుపెట్టిన యువకుడిలో కొన్ని లోపాలుంటాయి. అతన్ని మసీదులో పదిమంది ముందు గద్దించకండి. మరీ బిగించి కూరితే పలకలు విడిపోతాయి. కొంత కాలం అతన్ని నాననివ్వండి, ఓర్పుతో గమనిస్తూ ఉండండి.

తడి మీద అతుకు నిలవదు

తౌబాకు ధర్మపండితులు మూడు షరతులు చెప్పారు. చేస్తున్న పాపాన్ని వెంటనే ఆపాలి, జరిగిన దానికి బాధపడాలి, మళ్ళీ చేయనని గట్టిగా నిశ్చయించుకోవాలి. ఆ పాపం మరో మనిషి హక్కుకు సంబంధించినదైతే నాలుగవ షరతు కూడా ఉంది - ఆ హక్కును తిరిగి ఇవ్వాలి, లేదా వారి నుండి మనస్ఫూర్తిగా క్షమాపణ పొందాలి. తడి ఆరకుండా వేసిన అతుకు పట్టనట్టే, ఇతరుల సొమ్ము చేతిలో పెట్టుకొని చేసిన తౌబా నిలవదు.

ఇక్కడ ఒక్క విషయం స్పష్టంగా చెప్పాలి. మన ఊళ్ళలో తండ్రి చనిపోయాక పొలం, ఇల్లు అన్నదమ్ములు పంచుకుంటారు. అక్కచెల్లెళ్ళ మాట వస్తే పెళ్ళికి ఖర్చు పెట్టాం కదా అంటారు. ఆడపిల్లే వద్దంది అంటారు. పుట్టిల్లు దూరమవుతుందన్న భయంతో తల వంచుకున్న చెల్లెలి మౌనాన్ని అంగీకారం కింద జమ కడతారు. పెళ్ళి ఖర్చు వారసత్వపు వాటా కాదు. నిసా సూరా 11వ ఆయతులో కుమార్తెల వాటాను నిర్ణయించినది స్వయంగా అల్లాహ్. ఆ వెంటనే 13, 14 ఆయతుల్లో వీటిని అల్లాహ్ హద్దులన్నాడు. వాటిని పాటించిన వారికి స్వర్గ శుభవార్తను, మీరిన వారికి నరకాగ్ని హెచ్చరికను వినిపించాడు. ఇది ఎవరో పెద్దమనుషులు పంచాయితీలో తేల్చే విషయం కాదు.

చెల్లెలి ఎకరం దున్నుకుంటూ హజ్‌కు వెళ్ళి వచ్చిన వాడు ఒక్కసారి ఆలోచించాలి. ఉమ్రాలు, దానాలు, మసీదుకు ఇచ్చిన ఫ్యాన్లు, ఇవన్నీ మంచి పనులే. కానీ అవి పగులు మీద వేసిన రంగు కాకూడదు. ముందు అరగదీయాలి, ఆరనివ్వాలి. చెల్లెలిని పిలిచి, అమ్మా, ఇది నీది, తీసుకుంటావో ఉంచుతావో నీ ఇష్టం అని ఆమె వాటాను ఆమె చేతికివ్వాలి. ఆ తరువాతే ఏ అతుకైనా పట్టేది.

పగులు దాచి అమ్మటం

ఒడ్డున పడవలు చేతులు మారుతుంటాయి. పగిలిన ఫైబరు పడవకు నున్నగా రంగు వేస్తే కొనేవాడికి ఏమీ తెలియదు. కొన్న తరువాత ఆ పడవలో కూలికి వెళ్ళేది నలుగురైదుగురు. వారు ఆ బేరంలో లేరు, రంగు కింద ఏముందో వారికి తెలియదు. రాత్రి వేళ నడి సముద్రంలో ఆ పగులు తెరుచుకుంటే అమ్మినవాడు తన ఇంట్లో నిద్రపోతూ ఉంటాడు. ప్రాణం పోయేది కూలివాడిది.

ఒకసారి దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులో చేయి పెట్టారు. పైన పొడిగా ఉంది, లోపల చేతికి తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. అయితే జనానికి కనిపించేలా ఆ తడిసిన దానిని పైనే ఎందుకు ఉంచలేదని ఆయన అడిగారు. మోసం చేసేవాడికి తనతో సంబంధం లేదని తేల్చి చెప్పారు (ముస్లిం). గమనించండి, ధాన్యం తడవటం పాపం అని ఆయన అనలేదు. వాన అల్లాహ్ కురిపించినది. తడిని కింద దాచటమే పాపం.

పడవకు పగులు రావటం కూడా పాపం కాదు. పగులున్న పడవను అమ్మటం కూడా పాపం కాదు. చూడు నాయనా, ఇక్కడ పగులుంది, బాగుచేయించుకో, అందుకే ధర తగ్గించాను అంటే అది హలాల్ వ్యాపారం. అమ్మేవాడు, కొనేవాడు నిజం చెప్పి లోపాన్ని విప్పి చెబితే ఆ బేరంలో శుభం కలుగుతుందని, దాచి అబద్ధమాడితే శుభం తుడిచిపెట్టుకు పోతుందని హజ్రత్ హకీమ్ బిన్ హిజామ్ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. మనం పడవలు అమ్మకపోవచ్చు. పాత ఆటో అమ్ముతాం, పాలిచ్చే గేదెను అమ్ముతాం, మోటారు అమ్ముతాం, చివరికి పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు పిల్లవాడి అలవాట్లకు రంగు వేస్తాం. ఆ సంబంధంలో మునిగేది ఒక ఆడపిల్ల జీవితం.

కింది అంతస్తు వారికి నీళ్ళు కావాలి

ఇప్పుడు ప్రవక్త (స) చెప్పిన పడవ ఉదాహరణకు వద్దాం. హజ్రత్ నోమాన్ బిన్ బషీర్ (రజి) ఉల్లేఖించగా బుఖారీలో నమోదైన హదీసు ఇది. కొందరు ఒక ఓడలో చీటీలు వేసుకొని కొందరు పై అంతస్తులో, కొందరు కింది అంతస్తులో చేరారు. కింది వారికి నీళ్ళు కావలసి వచ్చినప్పుడల్లా పైకి వెళ్ళి, పై వారి మధ్య నుండి నడిచి తెచ్చుకోవలసి వచ్చేది. మన భాగంలోనే ఒక చిల్లు పెట్టుకుంటే పై వారికి ఇబ్బంది ఉండదు కదా అని వారు అనుకున్నారు. పై వారు వారిని అలాగే వదిలేస్తే అందరూ మునుగుతారు. చేయి పట్టుకొని ఆపితే వారూ బతుకుతారు, వీరూ బతుకుతారు.

ఈ హదీసును మనం సాధారణంగా చెడును ఆపే బాధ్యతకు ఆధారంగా చెబుతాం. అది సరైనదే. నా ఇల్లు, నా ఇష్టం అన్నవాడు పెట్టే చిల్లు నుండి వచ్చే నీరు అందరి కాళ్ళ కిందికీ చేరుతుంది. ఒక వీధిలో సారాయి అమ్మకం మొదలైతే మునిగేది ఆ ఒక్క ఇల్లే కాదు. చెరువు కట్టలో ఎలుక చేసిన బొరియ ఎవరి పొలం వైపు ఉందని మనం అడుగుతామా? గండి పడితే ఆయకట్టు మొత్తం పోతుందని మనకు తెలుసు. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా కట్టిన కంభం చెరువు ఈ రోజుకీ నిలిచి ఉందంటే, తరతరాల వారు ఆ కట్టను చూసుకుంటూ రావటం వల్లనే కదా!

కానీ ఈ హదీసులో మరో మాట ఉంది, దాన్ని తొందరగా దాటిపోతాం. కింది వారు దుర్మార్గులు కాదు. వారికి దాహం వేసింది. పై వారికి ఇబ్బంది కలిగించకూడదన్న మంచి ఉద్దేశంతోనే గొడ్డలి పట్టుకున్నారు. కాబట్టి పై అంతస్తు వారు చేయి పట్టుకొని ఆపితే సరిపోదు, నీళ్ళు కూడా అందించాలి. వడ్డీ హరామ్ అని మిన్బర్ మీద నుండి చెప్పే మనం, ఆసుపత్రిలో బిడ్డను చేర్చి పదివేల కోసం తిరుగుతున్న వాడికి వడ్డీ లేని అప్పు ఇచ్చే ఏర్పాటు ఊళ్ళో చేశామా? కట్నం పాపం అని చెప్పే మనం, కట్నం లేకుండా కొడుకు పెళ్ళి చేశామా? దాహానికి నీళ్ళివ్వకుండా గొడ్డలి మాత్రం లాక్కుంటే వారు మరో రాత్రి మరో గొడ్డలి వెతుక్కుంటారు.

పేదవాడి పడవ

కహఫ్ సూరాలో మరో పడవ ఉంది. హజ్రత్ మూసా (అలై), హజ్రత్ ఖిజర్ (అలై) ఎక్కిన పడవ. పడవ వారు ఖిజర్‌ను గుర్తుపట్టి కిరాయి తీసుకోకుండా ఎక్కించుకున్నారని బుఖారీలోని హదీసు చెబుతోంది. కానీ ఖిజర్ ఆ పడవకే చిల్లు పెట్టారు. మూసా (అలై) ఆశ్చర్యపోయారు. తరువాత కారణం తెలిసింది. అది సముద్రంలో పని చేసుకునే పేదవారి పడవ. ముందు ఒక రాజు మంచి పడవలన్నిటినీ బలవంతంగా లాక్కుంటున్నాడు. లోపం ఉన్న పడవను వదిలేస్తాడు. రాజు హద్దు దాటాక ఆ పేదవారు చిల్లు బాగుచేసుకొని పడవను మళ్ళీ వాడుకున్నారని ఆ హదీసులోనే ఉంది. సీసాతో మూశారని కొందరు, తారుతో మూశారని కొందరు చెప్పినట్టు కూడా అక్కడ నమోదైంది. మన జీవితంలో పడే కొన్ని చిల్లులు ఇలాంటివి. అప్పటికి నష్టంలా కనిపిస్తాయి, వెనుక ఏ దోపిడీ నుండి కాపాడబడ్డామో మనకు తెలియదు. అలాగని చిల్లును అలాగే ఉంచుకోమని కాదు. ఆ పేదవారు దాన్ని మూసుకున్నారు.

ఈ ఆయతులో ధర్మశాస్త్ర పండితులు గమనించిన మరో విషయం ఉంది. వారికి పడవ ఉంది, అయినా అల్లాహ్ వారిని 'మసాకీన్' (పేదవారు) అన్నాడు. అంటే బతుకుతెరువుకు ఒక పనిముట్టు ఉన్నంత మాత్రాన మనిషి పేదవాడు కాకుండా పోడు. పనివాడి పనిముట్లను జకాత్ నిసాబ్ లెక్కలో కలపరు. మన దగ్గర ఒకరికి పాత ఆటో ఉంటుంది, ఒక వితంతువుకు కుట్టుమిషను ఉంటుంది, పలకల గనిలో పనిచేసే వాడికి కొన్ని పనిముట్లుంటాయి. అతనికి బండి ఉంది కదా, జకాత్ ఎలా ఇస్తాం అంటారు. ఆ బండి ఇంజను చెడి మూడు నెలలుగా మూలన ఉంది. జకాత్‌కు అర్హుడైన వాడిని గుర్తించి అది బాగుచేయించుకోవటానికి జకాత్ చేతికిచ్చినా, ఇతర పొరుగువారికి సదఖా నుండి సహాయం చేసినా, ఒక కుటుంబం మళ్ళీ చేయి చాచవలసిన అవసరం రాకుండా పోతుంది. పనివాడికి పనిలో సాయపడటం, పని చేతకాని వాడికి చేసిపెట్టటం కూడా పుణ్యకార్యమేనని ప్రవక్త (స) హజ్రత్ అబూజర్ (రజి) కు బోధించారు.

గాలి ఆయనది, అతుకు మనది

ప్రియ పాఠకులారా! తెరచాప పడవలో కూర్చున్న మనిషికి తన బలహీనత బాగా తెలుస్తుంది. గాలి వస్తేనే కదలిక. అల్లాహ్ తలచుకుంటే గాలిని ఆపేస్తాడని, అప్పుడు పడవలు సముద్రం మీద కదలకుండా నిలిచిపోతాయని షూరా సూరా 33వ ఆయతు హెచ్చరిస్తోంది. గాలి మన చేతిలో లేదు, వాన మన చేతిలో లేదు, ఆయుష్షు అసలే లేదు. కానీ చిరిగిన తెరచాప కుట్టుకోవటం మన చేతిలో ఉంది. ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమని ప్రవక్త (స) నేర్పారు. చిల్లు పడవలో కూర్చుని దుఆ చేసేవాడిది తవక్కుల్ (దైవంపై భరోసా) కాదు, సోమరితనం. చిల్లు పూడ్చి, తాను మునగనే మునగనని విర్రవీగేవాడిది కూడా తవక్కుల్ కాదు, అహంకారం.

తీరికను పని ముంచుకు రాకముందే, ఆరోగ్యాన్ని జబ్బు రాకముందే, యవ్వనాన్ని ముసలితనం రాకముందే, జీవితాన్ని మరణం రాకముందే సద్వినియోగం చేసుకోమని ప్రవక్త (స) ఉపదేశించారు. జాలరికి 61 రోజులే ఒడ్డు. జూన్ 15న పడవ నీటిలో దిగాలి, అప్పుడు చిల్లు గుర్తొస్తే లాభం లేదు. మన ఒడ్డు ఎన్ని రోజులో మనకు చెప్పబడలేదు. తెలియని వాడు ఇంకెంత త్వరపడాలి!

కాబట్టి ఈ వారంలో ఒక పూట కూర్చోండి. మీ మీద ఎవరి హక్కు ఉందో కాగితం మీద రాయండి. అప్పు ఉంటే ఎంత, ఎవరికి. చెల్లెలి వాటా ఉంటే ఎంత. మాట పడిన వారుంటే ఎవరు. అన్నీ ఒకేసారి తీరకపోవచ్చు. పడవ కూడా ఒక్క రోజులో బాగుపడదు. కానీ మొదటి సందులోని పాత నూలు పీకటం ఈ రోజే మొదలుపెట్టవచ్చు.

ఓ అల్లాహ్! మా లోపాలను చూసుకునే కళ్ళను, వాటిని ఒప్పుకునే ధైర్యాన్ని, బాగుచేసుకునే శక్తిని మాకు ప్రసాదించు. మా చేతుల్లో ఉన్న ఇతరుల హక్కులను బతికుండగానే వారికి చేర్చే భాగ్యాన్ని కలిగించు. సముద్రం మీద పొట్ట పోసుకునే పేదలందరినీ క్షేమంగా ఒడ్డుకు చేర్చు. మా మెట్ట పొలాల మీద నీ కారుణ్య వర్షాన్ని కురిపించు. మేమంతా ఒకే పడవలో ఉన్నామన్న సంగతి మరచిపోకుండా చేయి. ఆమీన్!